‘ఒక్క పాయింటే కదా’ అన్నాను!

పోయిన డిసెంబర్‌లో మా అమ్మకి గీజర్ కొన్నాను. చన్నీళ్లు తగిలితే వేళ్లు కొంకర్లు పోతున్నాయని అమ్మ బకెట్లో హీటర్ పెట్టుకుని, నీళ్లు కాగేదాకా బాత్రూం గుమ్మం దగ్గరే కాపలా కూర్చునేది. ఆ కడ్డీని చూస్తే నాకు భయం. అందుకే హైదరాబాద్‌లో ఆఫీసు క్యాబ్‌లో కూర్చుని ఫోన్‌లోనే ఆర్డర్ పెట్టేశా. 15 లీటర్లు, 2000 వాట్లు. రెండు రోజుల్లో తెనాలిలో మా ఇంటికి చేరింది.

కంపెనీవాళ్లు వచ్చి గోడకి బిగించారు. ‘ప్లగ్ పాయింట్ మీరే పెట్టించుకోవాలి’ అని వెళ్లిపోయారు. నాన్న మా వీధి చివర షాపులో కుర్రాణ్ని పిలిచాడు. నేను ఫోన్‌లోనే మాట్లాడా.

“ఒక్క పాయింటే కదా తమ్ముడూ?”

“ఒక్క పాయింటేనండీ. అరగంట పని.”

నిజంగానే అరగంటలో అయిపోయింది. ఆరొందలు తీసుకున్నాడు. తెల్లగా మెరుస్తున్న కొత్త సాకెట్ ఫొటో నాన్న వాట్సాప్‌లో పంపిస్తే లవ్ సింబల్ కొట్టా.

మూడు వారాలు గడిచాయి. “కుళాయి తిప్పుతుంటే చేతికి జిల్లుమంటోందే, చలికేమోలే” అంది అమ్మ. నేనూ నవ్వేశా. మర్నాడు నాన్న ఫోన్: “హాల్లో బోర్డు దగ్గర ప్లాస్టిక్ కాలిన వాసన వస్తోంది. ఎలకేమైనా చచ్చిందేమో అనుకున్నా. కాదు.” ఈసారి నవ్వు రాలేదు.

మా బాబాయ్ కరెంటాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. ఆయనకి ఫోన్ చేస్తే నా మాట పూర్తి కూడా కానివ్వలేదు. “ముందు మెయిన్ ఆపమను మీ నాన్నని. అన్నం లాంతరు పెట్టుకుని తినమను. నువ్వు రేపు బయల్దేరు.”

శనివారం పొద్దున్నే ఇంట్లో దిగా. అప్పటికే బాబాయ్ స్క్రూడ్రైవర్, టెస్టర్, మల్టీమీటర్ ముందేసుకుని కూర్చున్నాడు.

అబద్ధం చెప్పిన సాకెట్

హాల్లో బోర్డు విప్పాడు. లోపల రెండు వైర్ల మధ్య మెలేసి నల్ల టేపు చుట్టిన అతుకు ఒకటి ఉంది. ఆ టేపు కరిగి జిగురైపోయింది. పక్కనున్న వైరు తొడుగు పెళుసుబారి, గోటితో గీకితే పొడిగా రాలింది.

“అమ్మలూ, ఆ కుర్రాడు పాయింట్ పెట్టలేదు. పాత వైరుకి పిలక కట్టాడు” అన్నాడు బాబాయ్.

సంగతేంటంటే, మన ఇళ్లలో సాకెట్లు రెండు రకాలు. చిన్నది 6 ఆంపియర్లు, పెద్దది 16 ఆంపియర్లు. పెద్ద ప్లగ్గు పిన్నులు లావుగా ఉంటాయి. చిన్న సాకెట్లో పట్టవు. ‘అబ్బా, ఇదొక గోల’ అని మనం విసుక్కుని కన్వర్టర్ కొనుక్కుంటాం చూడండీ, ఆ గోల కావాలని పెట్టిందే. ‘నీ వెనకున్న వైరు నా బరువు మోయలేదు’ అని ప్లగ్గు చెప్పే మాట అది. ఇక్కడ లెక్క చాలా సింపుల్. వాట్లని 230తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 6 ఆంపియర్ల సాకెట్ మీద మహా అయితే 1380 వాట్లు. ఇస్త్రీ పెట్టె 1000 వాట్లే కాబట్టి పర్లేదు. 1500 వాట్ల కెటిల్‌కే గీత దాటేస్తుంది. మా గీజర్‌కి 2000 వాట్లు, అంటే 8.7 ఆంపియర్లు.

ఆ కుర్రాడు గోడ మీద 16 ఆంపియర్ల సాకెట్ బిగించాడు. కంటికి అంతా కరెక్టే. కానీ దానికి కరెంటు లాగింది హాల్లో లైట్లూ ఫ్యాన్ల కోసం 1998లో వేసిన ఒకటిన్నర వైరు నుంచి. (ఒకటిన్నర అంటే 1.5 స్క్వేర్ మిల్లీమీటర్లు. షాపులో ఎవరూ పూర్తిగా అనరు.) పైగా వంటింటికి వెళ్లే వైరు కూడా అదే అతుకు మీదుగా పోతోంది. వంటింట్లో గ్యాస్ అయిపోయిన రోజుల కోసం కొన్న ఇండక్షన్ స్టవ్ ఉంది. అదీ 2000 వాట్లే.

పొద్దున్న ఏడింటికి నాన్న స్నానం, అమ్మ టిఫిన్. రెండూ కలిస్తే 17 ఆంపియర్లు దాటిపోయాయి. గోడలో పైపులో ఇరుక్కుని ఉన్న ఒకటిన్నర వైరు తట్టుకోగలిగేది పదీ పదిహేను మధ్యే. అతుకు దగ్గర ఇంకా ఘోరం. వదులుగా ఉన్న అతుకులో పదో వంతు ఓమ్ నిరోధం ఉందనుకోండి. కరెంటుని దాంతోనే గుణించి, మళ్లీ ఆ నిరోధంతో గుణిస్తే వేడి ఎంతో తేలుతుంది. 17 ఆంపియర్ల దగ్గర దాదాపు 30 వాట్లు. మొబైల్ రిపేర్ షాపులో సోల్డరింగ్ ఐరన్ ఉంటుందే, ఇంచుమించు దాని వేడి అంత. మూసిన చెక్క బోర్డులో రోజూ పొద్దున్నే ఒక సోల్డరింగ్ ఐరన్ ఆన్ చేసి పెట్టుకున్నాం అన్నమాట మేము.

“మరి ఫ్యూజు ఎందుకు పోలేదు?” అని అడిగా.

బాబాయ్ సమాధానం చెప్పకుండా నాన్న వైపు చూశాడు. నాన్న పేపర్ వైపు చూశాడు.

“ఆ స్టవ్ కొన్నప్పుడు రెండు మూడు సార్లు పోయింది” అన్నాడు కాసేపటికి. “అందుకని మూడు పోగులు కలిపి చుట్టా.”

ఇంకేముంది. ఫ్యూజు తీగ ఉండేది వైరు కంటే ముందు అది తెగిపోవడానికి. దాన్ని లావు చేస్తే ముందు కాలేది గోడలో వైరే. ఇప్పటి ఇళ్లలో ఎంసీబీలున్నా కథ మారలేదు. ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందని 16 తీసేసి 32 పెట్టించుకునేవాళ్లు నా ఫ్రెండ్స్‌లోనే ఇద్దరున్నారు. పేరు మారింది కానీ వాళ్లు చేసింది మా నాన్న చేసిన పనే.

పుస్తకంలో ఏముంది?

బాబాయ్ చెప్పేదాకా నాకు తెలీదు. మనకీ ఒక జాతీయ విద్యుత్ కోడ్ ఉంది. 1985లో తొలిసారి వచ్చింది. 2011లో, మళ్లీ 2023లో సవరించారు. ఇంటి వైరింగ్‌కి ఐఎస్ 732 అని ప్రత్యేకంగా ఒక ప్రమాణం ఉంది. అందులో ఎన్నో ఏళ్లుగా ఉన్న లెక్క చాలా తేలికైంది. లైట్లు, ఫ్యాన్లు, చిన్న సాకెట్లు కలిపి ఒక సర్క్యూట్ మీద పది పాయింట్లు దాటకూడదు. లోడు 800 వాట్లు మించకూడదు. పెద్ద సాకెట్ల సర్క్యూట్ మీద రెండు సాకెట్లే, 3000 వాట్ల లోపే. అంటే గీజర్‌కీ ఏసీకీ ఇండక్షన్ స్టవ్‌కీ డిస్ట్రిబ్యూషన్ బోర్డు నుంచి నేరుగా దేని వైరు దానికే రావాలి. మధ్యలో ఎవరి దగ్గరా ‘కాస్త పంచుకుందాం’ అనకూడదు.

ఫేజు, న్యూట్రల్, ఎర్త్ మూడూ బోర్డు దాకా వెళ్లాలి. స్విచ్ ఫేజు మీదే ఉండాలి. న్యూట్రల్ మీద పెడితే స్విచ్ ఆపినా లోపల కరెంటు కాచుకునే ఉంటుంది. సాకెట్‌కి ఎదురుగా నిలబడితే పైన ఎర్త్, కుడివైపు ఫేజు, ఎడమవైపు న్యూట్రల్. వైరు రంగుల్లో నలుపు న్యూట్రల్‌ది, ఆకుపచ్చ ఎర్త్‌ది. మా బోర్డులో అన్నీ ఎరుపే. ఆ రోజు షాపులో ఆ రంగు చుట్టే ఉందేమో!

ఇంకో విషయం నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల ప్రకారం బల్బు, ఫ్యాన్, స్విచ్, ఫ్యూజు లాంటివి ఉన్నచోటే మార్చుకోవడం వేరు. వైరింగ్‌కి కొత్తగా ఏదైనా కలిపినా, మార్చినా, అది ప్రభుత్వ లైసెన్సున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ ద్వారా, అర్హత ఉన్నవాళ్ల పర్యవేక్షణలోనే జరగాలి. మనం ‘ఒక్క పాయింటే’ అనుకునేది సరిగ్గా ఈ రెండో రకం.

“అయితే నువ్వే చేసెయ్ బాబాయ్” అన్నా.

“నేను చెయ్యకూడదు తల్లీ. ముప్ఫయ్యేళ్లు స్తంభాలెక్కా గానీ, నాకు ఆ లైసెన్సు లేదు. ఉన్నోణ్ని పిలుద్దాం.”

నిజం చెప్పాలంటే ఆ మాటకి నాకు కాస్త విసుగొచ్చింది. ఇంట్లో మనిషి ఉండగా బయటివాడెందుకని. సాయంత్రానికి ఆ విసుగు పోయింది.

కుళాయి ఎందుకు జిల్లుమంది?

కాలిన వాసన సంగతి తేలింది. అమ్మ చేతికి తగిలిన జిల్లు సంగతి తేలలేదు. నాకు ఇప్పటికీ రాత్రిళ్లు గుర్తొచ్చేది అదే.

మూడు పిన్నుల ప్లగ్గు తీసి చూడండి. పైనున్న పిన్ను మిగతా రెండిటికంటే లావుగా, పొడుగ్గా ఉంటుంది. అందుకే అది అందరికంటే ముందు లోపలికి వెళ్తుంది, అందరికంటే ఆఖర్న బయటికొస్తుంది. గీజర్ లోపల ఏదైనా వైరు తొడుగు పాడై రేకు డొక్కుకి కరెంటు తగిలితే, ఆ పిన్ను దాన్ని నేలలోకి తీసుకుపోవాలి. మా కొత్త సాకెట్లో ఆ పిన్ను వెనకాల ఏమీ లేదు. ఖాళీ. కుర్రాడు రెండు వైర్లే లాగాడు. గీజర్ లోపల ఎక్కడో లీకవుతున్న కరెంటుకి దారి లేక డొక్కు మీదే ఉంది. కుళాయిని పట్టుకుంటే తడి కాళ్లతో నిలబడ్డ మా అమ్మే దానికి దారి అయింది.

“ఎర్త్ వైరు లాగితే సరి” అన్నాడు మర్నాడొచ్చిన కాంట్రాక్టర్. తర్వాత మీటర్ పెట్టి చూసి, “ఎక్కడికి లాగాలండీ?” అన్నాడు.

1998లో ఇంటి పక్కన బొగ్గు, ఉప్పు పోసి, రెండున్నర మీటర్ల పైపు దించి ఎర్త్ గుంత తీశారు. ఎండాకాలం అందులో నీళ్లు పోసేవాళ్లమని అమ్మకి గుర్తుంది. ఆరేళ్ల కింద బండి పెట్టుకోడానికి అక్కడ టైల్స్ పరిపించాడు నాన్న. గుంత కింద ఉండిపోయింది. పైపుకి కట్టిన తీగ ఎప్పుడో తుప్పు పట్టి తెగిపోయింది. అంటే ఇన్నాళ్లూ మా ఇంట్లో ఏ సాకెట్‌కీ ఎర్త్ లేదు. ఫ్రిజ్‌కి లేదు, వాషింగ్ మెషీన్‌కి లేదు, నాన్న ఫోన్ ఛార్జింగ్ పెట్టే బోర్డుకీ లేదు.

వంటింట్లో ఇంకోటి బయటపడింది. ఫ్రిజ్ సాకెట్లో ఎవరో ఎర్త్ పిన్నుని చిన్న ముక్క వైరుతో న్యూట్రల్‌కి కలిపేశారు. ఎర్త్ లేదన్న సంగతి కనబడకుండా చేసే పాత చిట్కా అట. మామూలు రోజుల్లో ఏమీ కాదు. కానీ ఎప్పుడైనా న్యూట్రల్ తెగిపోతే, ఫ్రిజ్ లోంచి వచ్చిన ఫేజు ఆ ముక్క మీదుగా తిన్నగా ఫ్రిజ్ డొక్కుకి ఎక్కుతుంది. ఆ తలుపు తీసేది ఎవరు? మళ్లీ అమ్మే.

“ఎంసీబీ పెట్టిస్తే ఇవన్నీ ఆగిపోవా?” అని నేను అడిగిన ప్రశ్న మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. ఆగవు. ఎంసీబీ వైరుని కాపాడుతుంది, మనిషిని కాదు. 16 ఆంపియర్లంటే 16,000 మిల్లీ ఆంపియర్లు. మనిషి ఒంట్లోంచి, గుండె మీదుగా వెళ్తే ప్రాణం మీదికి తెచ్చే కరెంటు పదుల మిల్లీ ఆంపియర్లలోనే ఉంటుంది. ఎంసీబీ దృష్టిలో అది లెక్కలోకే రాదు. మనిషి కోసం ఉన్నది ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానమా కాదా అని అది అనుక్షణం చూసుకుంటూ ఉంటుంది. తేడా వచ్చిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. ఇళ్లకి 30 మిల్లీ ఆంపియర్లది వాడాలి. తేడా ఆ హద్దుకి చేరితే 0.3 సెకన్లలోపే కట్ చేసేస్తుంది. అలాగని అదేమీ దేవుడు కాదు. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకున్నామంటే, వెళ్లిందీ వచ్చిందీ సమానమే కాబట్టి దానికి తెలీదు.

మన దేశంలో కరెంట్ షాక్‌తో పోయేవాళ్ల సంఖ్య ఇటీవలి సంవత్సరాల్లో ఏటా 12 వేలకు పైనే ఉంటోందని జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదికలు చెబుతున్నాయి. అగ్ని ప్రమాదాల సంగతి వేరు. 2025 మే 18న హైదరాబాద్ చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఒకే ఇంట్లో 17 మంది పోయినప్పుడు, షార్ట్ సర్క్యూట్ అనే అగ్నిమాపక అధికారులు ప్రాథమికంగా చెప్పారు. ఆ రోజు ఆ వార్తని స్క్రోల్ చేసి, రెండు నిమిషాల తర్వాత రీల్స్ చూసుకున్నదాన్నే నేనూ.

అరగంట కాదు, మూడు రోజులు

పని మూడు రోజులు పట్టింది. కొత్త ఎర్త్ గుంత తీశారు. నాన్న టైల్స్ నాలుగు పగిలాయి, ఆ బాధ ఆయనకి ఇంకా పోలేదు. మీటర్ పక్కన పాత ఫ్యూజులు తీసేసి డిస్ట్రిబ్యూషన్ బోర్డు పెట్టారు. దాని మొదట్లో ఆర్‌సీసీబీ, తర్వాత వరసగా ఎంసీబీలు. గీజర్‌కి నాలుగు వైరు విడిగా, 16 ఆంపియర్ల ఎంసీబీతో. రెండున్నర వైరు కూడా సరిపోతుంది గానీ, మా బాత్రూం బోర్డుకి దూరం. స్టవ్‌కి ఇంకోటి. లైట్లకి పాత ఒకటిన్నరే, కాకపోతే 6 ఆంపియర్ల ఎంసీబీ మీద. గీజర్ స్విచ్ బాత్రూం బయట పెట్టారు. ఫేజూ న్యూట్రలూ రెండూ ఒకేసారి తెంచే డీపీ స్విచ్. లీకవుతున్న గీజర్‌ని వారంటీ కింద మార్పించాం.

సామాను కొనడానికి షాపుకి నేనే వెళ్లా. వైరు మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 694 అని అచ్చు ఉండాలి. సాకెట్లకైతే ఐఎస్ 1293. గుర్తు కింద ఉండే లైసెన్స్ నంబర్‌ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీదో, లైసెన్స్ చెల్లుతోందో లేదో చెప్పేస్తుంది. కౌంటర్ దగ్గర నిలబడి నేను నంబర్లు కొడుతుంటే షాపాయన ముందు ముఖం చిట్లించాడు. తర్వాత ఆయనే లోపలి నుంచి వేరే చుట్ట తెచ్చిచ్చాడు. మొదట తెచ్చింది ఏంటో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

మొత్తం పంతొమ్మిది వేల చిల్లర అయింది. గీజర్ ధరకి రెండింతలకి పైనే. ఆర్‌సీసీబీ ఒక్కటీ రెండు వేల చిల్లర. ‘ఇంత ఖర్చా’ అనుకుంటే ఇదొక్కటైనా ముందు పెట్టించండని కాంట్రాక్టర్ చెప్పే మాట. కరెంటు బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్ ఎంతుందో కూడా చూడమన్నాడు. మాది 1 కిలోవాట్. గీజర్ ఒక్కటే దానికి రెండింతలు. డిస్కం వెబ్‌సైట్‌లో అదనపు లోడుకి అప్లై చేశాం. ఇంట్లో వైరు లావు చేసి, స్తంభం దగ్గర్నుంచి వచ్చే వైరుకి చెప్పకపోతే ఎలా?

ఆర్‌సీసీబీ ఆన్ చేసిన మొదటిరోజే టప్‌మని పడిపోయింది. మళ్లీ వేస్తే మళ్లీ పడింది. “ఇదే వద్దనేది. తీసేయించు” అన్నాడు నాన్న. చాలా ఇళ్లలో వానాకాలం ఇలా పడుతోందని నిజంగానే పీకించేస్తారట. కాంట్రాక్టర్ ఒక్కో ఎంసీబీ వేస్తూ వెతికాడు. డాబా మీద దీపావళికి లైట్లు పెట్టుకునే సాకెట్ తీసి చూస్తే లోపల తేమ, పచ్చగా చిలుం. ఆ సాకెట్ మారిస్తే నిలబడింది. అది పడిపోవడం చెడిపోయి కాదు, పనిచేస్తోంది కాబట్టే.

హైదరాబాద్ తిరిగొచ్చాక నా అద్దె గది చూసుకున్నా. డిస్ట్రిబ్యూషన్ బోర్డులో ఆర్‌సీసీబీ ఉంది. దాని మీద ‘టి’ అనే చిన్న బటన్. నెలకోసారి నొక్కి చూడాలి. నొక్కితే పడిపోవాలి. నేను నొక్కా. పడలేదు. ఓనర్ ఆంటీకి చెబితే, “నాలుగేళ్లలో ఎవరూ అడగలేదమ్మా” అంది. రెండు వారాలు వెంటపడితే మార్పించింది. పక్క ఫ్లాట్ కుర్రాళ్లు మూడో అంతస్తు బాల్కనీలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు కిందికి వేలాడేసి స్కూటర్ ఛార్జ్ చేస్తున్నారు. గంటల తరబడి ఆగకుండా కరెంటు లాగే పనికి ఆ సన్న వైరు, వానొస్తే ఆ బాక్సు తడుపు. ఒకసారి చెప్పా. “ఏం కాదక్కా” అన్నారు. మళ్లీ చెప్తా.

ఇంటి దగ్గర ఆ బటన్ బాధ్యత అమ్మ తీసుకుంది. పాలవాడికి డబ్బులిచ్చే ఒకటో తారీఖునే దాన్నీ నొక్కుతుంది. పోయిన నెల సరిగ్గా మ్యాచ్ ఆఖరి ఓవర్లో నొక్కిందట. నాన్న నాకు ఫోన్ చేసి పావుగంట తిట్టాడు. నన్ను కాదు, ఆ బటన్ కనిపెట్టినవాణ్ని.